‘అధ్బుతం’ అని రాసినవాళ్ల తరఫున

ఉప్పల్ చుట్టుపక్కలా, నాచారం మీదుగా చర్లపల్లి దాకా దారి పొడవునా ఉన్న బోర్డులు చదువుకుంటూ పోతే ఒకే ఊరికి రెండేసి రాతలు కనిపిస్తాయి. ఒక దుకాణం మీద రామంతపూర్ అనీ, ఇంకో దుకాణం మీద రామంతాపూర్ అనీ ఉంటుంది. చర్లపల్లి చెల్లుతుంది, చెర్లపల్లీ చెల్లుతుంది. వీటి మీద ఎవరూ తగువు పెట్టుకోరు, ఎక్కాల్సిన బస్సు ఎక్కి పోతుంటారు. ఆ బస్సుల్లో తిరిగేవాళ్లే ఇంటికి వెళ్లి ఫోన్ పట్టుకుని, ఉప్పల్ స్టేడియంలో జరిగిన మ్యాచ్ గురించో మిద్దెతోట గురించో పాత సినిమాల గురించో తమలాంటి ఆసక్తి ఉన్నవాళ్లతో ముచ్చట పెట్టినప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. ఎవరో ‘అధ్బుతం’ అని రాస్తారు. మ్యాచ్ సంగతి పక్కకు పోతుంది. ద కింద భ ఒత్తు రావాలని ఒకరు, తెలుగు ఇలా చచ్చిపోతోందని మరొకరు, ముందు ఒకటో తరగతి పుస్తకం తిరగెయ్యమని ఇంకొకరు అందుకుంటారు. రాసిన మనిషి మళ్లీ నోరెత్తడు. ఈ చీవాట్లకు ఇంటర్నెట్ కంటే చాలా పాత చరిత్ర ఉంది. ఆ చరిత్ర చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే: తెలుగులో తప్పొప్పుల తగవు చాలాసార్లు అర్థం చెడిందా లేదా అన్న దాని మీద నడవలేదు, ఎవరి నోరు ప్రమాణం, ఎవరి చేతికి దిద్దే అధికారం అన్న దాని మీదే నడిచింది. తీర్పులూ వ్యాకరణాన్ని బట్టి రాలేదు. వాడకం ఎటు పోతే తీర్పు అటే పోయింది.

ముందుగా ఈ ఊరిపేర్లనే సాక్షులుగా పిలుద్దాం. తెలుగు మాట అచ్చుతో ముగియాలన్నది పాత వ్యాకరణాల పట్టు. ఉప్పల్ అన్న పేరే ఆ పట్టుకు లొంగదు, పక్కనున్న బోడుప్పలూ లొంగదు. 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసేదాకా ఇక్కడి పురపాలక సంఘం పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అంటే పారశీకంలో పెద్ద అని. నిజాం రాజ్యంలో దఫ్తరు మొదట పారశీకంలో, 1884 నుంచి ఉర్దూలో నడిచింది. ఊరిపేరు రైతు నోట ఒకలా ఉంటే పట్వారీ పైకి పంపే కాగితంలో ఇంకోలా పడేది. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులను మామూలుగా రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. చ తర్వాత ఉన్నది అకారమా ఎకారమా అని ఆ లిపి చెప్పదు. ళకు, ణకు అందులో సొంత అక్షరాలు లేవు. అక్కడి నుంచి పేరు ఇంగ్లీషులోకి వెళ్లి, ఇంగ్లీషు నుంచి తిరిగి తెలుగు బోర్డు మీదికి వచ్చేసరికి ‘అసలు రాత ఏది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

హబ్సిగూడ ఇంకా మంచి సాక్షి. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికులు ఉండేవారు, ఆ జ్ఞాపకం ఊరిపేరులో మిగిలింది. కానీ తెలుగు నోరు ‘ష’ను ‘స’ చేసుకుంది, ‘షీ’లోని దీర్ఘాన్నీ తీసేసింది. ఉర్దూ తెలిసిన మున్షీ చెవికి ఇది రెండు తప్పులున్న మాట. ఈ రోజు మెట్రో స్టేషన్ మీద, ఆస్తి పన్ను రసీదు మీద ఉన్నది మాత్రం ఆ తప్పే. ఎవరైనా హబ్షీగూడ అని రాస్తే అక్షరదోషం అని వాళ్లనే దిద్దుతారు. నాచారాన్ని ఆనుకుని ఉన్న మౌలాలిలో జరిగింది ఇంతకన్నా సొగసైన పని. మౌలా అలీ అన్న రెండు మాటలను జనం కలిపి పలికి మౌలాలి చేసుకున్నారు. బడిలో పంతులు బెత్తం పట్టుకుని నేర్పే సవర్ణదీర్ఘ సంధికి ఇంత చక్కని ఉదాహరణ దొరకదు, కాకపోతే అందులో ఉన్నవి అరబ్బీ మాటలు. రైల్వేవాళ్లు ఇంగ్లీషు బోర్డు మీద మధ్యలో అడ్డగీత పెట్టి సంధి విడదీశారు, జనం నోట అది విడిపోలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది బలమైనదే. రాతకు ఒక కట్టుబాటు లేకపోతే పటాలు, రికార్డులు, రైలు టిక్కెట్లు ఏం కావాలి? ఉప్పల్‌లోనే ఈ ప్రశ్నకు పుట్టిల్లు లాంటి సంస్థ ఒకటి ఉంది. భారత సర్వేక్షణ సంస్థ 1960లలో ఇక్కడ సర్వే శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది, పేర్లు మారుతూ అది ఇప్పుడు భూసమాచార శాస్త్ర జాతీయ సంస్థ అయింది. పటం గీసేవాడికి ఒక ఊరికి ఒకే రాత కావాలి, లేకపోతే రెండు ఊళ్లు అనుకునే ప్రమాదం ఉంది. ఈ చిక్కు తీర్చడానికే విలియం విల్సన్ హంటర్ 1870లలో భారతదేశపు పేర్లను రోమన్ లిపిలో ఎలా రాయాలో ఒక పద్ధతి తయారుచేశాడు. సర్వే పటాలన్నీ దాని దారిలోనే నడిచాయి. అయితే ఆ పద్ధతి పెట్టినవాళ్లే కలకత్తా, బొంబాయి, లక్నో వంటి పేర్ల దగ్గర తమ నియమాన్ని పక్కన పెట్టారు, ఎందుకంటే జనం అప్పటికే వేరే రాతకు అలవాటు పడ్డారు. అంటే అంత కట్టుదిట్టమైన పద్ధతి కూడా వాడకం ముందు తల వంచింది. ఇంకో మాట. పటానికి ప్రమాణం ఎందుకు కావాలో స్పష్టంగా తెలుసు, ఆ అవసరం మేరకే ప్రమాణం పెట్టారు. ఉప్పల్ మ్యాచ్ గురించి రాత్రి పదకొండింటికి ఫోన్‌లో రాసిన రెండు వాక్యాలకు ఆ అవసరం ఏమిటో దిద్దేవాళ్లు ఎప్పుడూ చెప్పరు.

వాళ్లు చెప్పేది వ్యాకరణం పేరు. కాబట్టి వ్యాకరణాన్నే అడగాలి. పరవస్తు చిన్నయసూరి మద్రాసులో బాలవ్యాకరణం అచ్చువేయించింది 1858లో. నూరేళ్లకు పైగా తెలుగు పండితులకు తుది న్యాయస్థానం అదే. ఆ పుస్తకం మొదట్లోనే సంస్కృతానికి యాభై వర్ణాలు, తెలుగుకు ముప్పై ఆరు అన్న లెక్క ఉంది. తెలుగుకు ఇచ్చిన ముప్పై ఆరింటిలో ఖ, ఘ, థ, ధ, భ వంటి ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతం నుంచి అరువొచ్చిన మాటలతో పాటు వచ్చాయని సూరిగారికి బాగా తెలుసు. తెలుగు నోరు వాటిని పుట్టుకతో పలకదు, చదువుతో నేర్చుకుంటుంది. అందుకే ‘అర్థం’ ‘అర్దం’ అవుతుంది, ‘బాధ’ ‘బాద’ అవుతుంది. ‘అధ్బుతం’ రాసినవాడి సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉండాలని అతనికి తెలుసు, కానీ అది ఏ హల్లుకు చెందిందో చెవి చెప్పదు, ఊహించి పెట్టాల్సి వచ్చింది. అతను నిర్లక్ష్యంగా రాసినట్టు కనిపిస్తుంది గానీ, పెట్టాల్సిన శ్రద్ధంతా పెట్టాకే తప్పాడు. సంస్కృతం చదవని తెలుగువాడు సంస్కృత పదం దగ్గర తడబడితే అది తెలుగు చావుకు గుర్తెలా అవుతుందో నాకు బోధపడదు.

ఈ తగవు ఒకసారి ప్రభుత్వం దాకా వెళ్లింది. 1910ల మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బడిపిల్లలు వ్యాసాలు వ్యావహారికంలో రాయవచ్చా అన్న చర్చ రేగింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విద్యాశాఖలో ఉన్న ఆంగ్లేయుడు జె.ఎ. యేట్స్ రాయవచ్చని ఒక పక్క నిలిచారు. జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు మరో పక్క. గ్రాంథికవాదుల వాదన ఇప్పటి చీవాట్ల వాదనే: కట్టు విప్పితే భాష భ్రష్టమవుతుంది, ఒక్కో జిల్లాకు ఒక్కో తెలుగు అవుతుంది, వెయ్యేళ్ల సాహిత్యం పిల్లలకు అందకుండా పోతుంది. గిడుగు జవాబుకు రెండు కాళ్లు ఉన్నాయి. ఒకటి, పాత తాళపత్రాలూ శాసనాలూ తవ్వి, వాడుక రూపాలు వందల ఏళ్లుగా రాతలో ఉన్నాయని చూపించడం. రెండోది కొంచెం దుడుకైనది. వ్యాకరణం పేరుతో ఊళ్లవాళ్లను దండించే పండితుల పుస్తకాలనే ముందు పెట్టుకుని, వాళ్ల నియమాల ప్రకారమే వాళ్లు చేసిన తప్పులు ఏరి చూపించాడు. 1930లలో వచ్చిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ నిండా ఈ లెక్కలే. భాషకు వైద్యం చేస్తామని బయల్దేరిన వైద్యులకే జబ్బుందని పేరులోనే ఎత్తిపొడుపు.

గిడుగును కూడా తప్పులు పట్టేవాడిగానే చూడవచ్చు కదా, అతని పేరు చెప్పి తప్పులు పట్టొద్దనడం ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. గిడుగు నిజంగానే నిర్దాక్షిణ్యంగా ఏరాడు, ఆ ఏరడంలో ఒక రకమైన ఆనందం కూడా అతనికి ఉండేదనిపిస్తుంది. కానీ అతను రాబట్టిన ముగింపు చూడండి. జీవితమంతా వ్యాకరణం చదివిన పండితుడు కూడా ఆ నియమాల్లో తప్పకుండా రాయలేకపోతే లోపం మనిషిలో వెతకడం దండగ, నియమంలో వెతకాలి అన్నాడు. ఎవరి సొంత భాషా కాని దాన్ని అందరి మీదా రుద్దుతున్నారని దానికి అర్థం. తప్పును అతను మనిషి నోరు మూయించడానికి వాడలేదు, నియమాన్ని బోనులో నిలబెట్టడానికి వాడాడు. ఇప్పుడు ఫోన్‌లో ఒత్తు దిద్దేవాళ్లలో ఆ రెండో పని చేసేవాళ్లు ఎంతమంది?

ఆ తగవులో అప్పటికి గెలిచింది గ్రాంథికమే, పాఠశాలల్లో దానికే పీట వేశారు. తర్వాత ఏమైందో మనం చదివే ప్రతి పేజీలో ఉంది. అరసున్న పోయింది. 1913లో ‘వాడు’ అని అరసున్న లేకుండా రాసిన పిల్లాడికి మార్కు తెగేది, ఇప్పుడు అరసున్న పెట్టిన పిల్లాడిని పంతులు వింతగా చూస్తాడు. గుఱ్ఱము గుర్రం అయింది, క్రొత్త కొత్త అయింది, వ్రాయడం రాయడం అయింది, క్రింద కింద అయింది. ఈ మార్పుల్లో ఒక్కటి కూడా ఏ సభా తీర్మానంతో మొదలుకాలేదు. పత్రికలు, కథలు, నవలలు అలా రాస్తూ పోయాయి, చదివేవాళ్లు అలవాటు పడ్డారు, చివరికి పాఠ్యపుస్తకం ఒప్పుకుంది. ఇవాళ ‘సరైన తెలుగు’ అని మనం కాపాడుకుంటున్నదంతా నూరేళ్ల కిందటి తప్పుల పట్టికే. ఇది ఎగతాళికి అంటున్నది కాదు, రెండు కాలాల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

తెలంగాణ వైపు ఈ కథకు మరో మలుపుంది, ఉప్పల్, నాచారం ఆ మలుపు మీదే ఉన్నాయి. ఇక్కడి తెలుగుకు మొదట గ్రాంథికంతో పని పడలేదు, ఉర్దూతో పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చి మూడు వందల యాభైమందికి పైగా కవుల లెక్క చూపాల్సి వచ్చింది. తర్వాత 1956లో రాష్ట్రాలు కలిశాక వ్యావహారికం గెలిచింది గానీ, ఆ వ్యావహారికం కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల నోటిది. గ్రాంథికం సింహాసనం దిగింది, ఆ సింహాసనం మాత్రం అక్కడే ఉండిపోయింది. ‘చేసిండు’, ‘పోతున్నరు’ అన్న మాటలు సినిమాల్లో నవ్వు పుట్టించే పాత్రకో రౌడీకో దక్కాయి. నాచారం పారిశ్రామికవాడకు పని కోసం నల్లగొండ నుంచి, వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, శ్రీకాకుళం నుంచి మనుషులు వచ్చారు. ఒక షెడ్డులో నాలుగు తెలుగులు వినిపించేవి, పని ఆగలేదు. పని దగ్గర ఎవరి తెలుగైనా చెల్లింది. కాగితం దగ్గరికి వచ్చేసరికి ఒకటే చెల్లింది.

(ఆ నాచారంలోనే ఎన్టీ రామారావు స్టూడియో కట్టుకున్నాడు. 1977లో అతను తీసిన ‘దాన వీర శూర కర్ణ’కు కొండవీటి వెంకటకవి రాసిన సమాసాల సంభాషణలు బడి ముఖం చూడనివాళ్ల నోట కూడా ఆడాయి. ఇష్టం ఉన్నచోట జనానికి ఒత్తులు బరువనిపించవు, ఎవరూ బెత్తం పట్టుకోకుండానే నేర్చుకుంటారు. గ్రాంథికం మీద నాకు పగ లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.)

ఎవరి తెలుగు చెల్లాలన్న ఈ ప్రశ్నను శాస్త్రంగా చూడటం కూడా మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వచ్చింది, అది వ్యవసాయం మాటలది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. పండితుడిని అడిగి రాసిన నిఘంటువు కాదది. రైతు దగ్గరికి, నేతగాడి దగ్గరికి వెళ్లి, నాగలిలో ఈ భాగాన్ని మీ ఊళ్లో ఏమంటారు, మగ్గంలో ఈ కొయ్యను ఏమంటారు అని జిల్లా జిల్లా తిరిగి రాసుకున్నది. అందులో ఒక జిల్లా మాట ఒప్పు, ఇంకో జిల్లా మాట తప్పు అన్న గీత లేదు. తర్వాత 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగుకు వ్యాకరణం రాసినప్పుడూ మనుషులు ఎలా మాట్లాడాలో చెప్పడం కంటే ఎలా మాట్లాడుతున్నారో వివరించడమే ఆయన పనిగా పెట్టుకున్నాడు. హబ్సిగూడకు ఆనుకుని ఉన్న ఉస్మానియా ఆవరణకే పక్కన 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ మొదలైంది, 2007 నుంచి అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. భారతీయ ఉపాధ్యాయులకు ఇంగ్లీషు నేర్పడం దాని తొలి పని. అదే కాలంలో, 1967లో, పిట్ కార్డర్ అన్న బ్రిటిష్ భాషావేత్త ఒక వ్యాసంలో నేర్చుకునేవాడి తప్పులను దోషాల జాబితాగా చూడటం మానమన్నాడు. ఆ తప్పుల్లో ఒక క్రమం ఉంటుంది, నేర్చుకునేవాడు మనసులో కట్టుకున్న సొంత నియమాలు వాటిలో బయటపడతాయి అన్నాడు. ‘అధ్బుతం’ విషయంలో మనం చూసింది అదే.

ఫోన్లో తెలుగు రాయడానికి ఇంకో చరిత్ర ఉంది. కంప్యూటర్ తెరమీద తెలుగు అక్షరం స్థిరపడకముందే విదేశాల్లోని తెలుగువాళ్లు రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకోవడం మొదలుపెట్టారు. 1990లలో అమెరికాలో పుట్టిన ఆర్‌టీఎస్ అన్న పద్ధతిలో చిన్న బడి ఇంగ్లీషు అక్షరం ఒక హల్లు, పెద్ద బడి అక్షరం మరో హల్లు. చిన్న ఎన్ నొక్కితే న, పెద్ద ఎన్ నొక్కితే ణ. 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. కానీ ఎక్కువమంది ఇప్పటికీ ఇంగ్లీషు మీటల మీదే తెలుగు కొడతారు. కాబట్టి న, ణల తేడా, ల, ళల తేడా చాలాసార్లు చిన్న బడి అక్షరం నొక్కారా పెద్ద బడి అక్షరం నొక్కారా అన్న దానికి తగ్గిపోయింది. దాన్ని చదువు తేడాగా చదవడం అన్యాయం. పైగా ఈ ముచ్చట్లు రాతలో ఉన్నా నిజానికి మాటలే. మ్యాచ్ చూస్తూ పక్కవాడితో అన్నమాటే లిపి తొడుక్కుని వచ్చింది. నోటిమాటలో ‘పోయిండు’ అంటే ఎవరూ ఆపి దిద్దరు.

అయితే ఏ తప్పునూ దిద్దకూడదా? దిద్దాల్సినవి ఉన్నాయి, అవి సాధారణంగా దిద్దేవాళ్ల కంట పడవు. మిద్దెతోట పెంచేవాళ్లలో ఒకరు ‘రోజు నీళ్లు పోయండి’ అని రాశారనుకోండి. ‘రోజూ’ అని అన్నారా, ‘రోజు విడిచి రోజు’లో ముందు ముక్క ఎగిరిపోయిందా? జు మీద ఒక్క దీర్ఘం లేకపోతే కొత్తగా మొక్కలు పెట్టినవాడు వేళ్లు కుళ్లబెట్టుకుంటాడు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె అన్నచోట ‘మి’ ఎగిరిపోతే మొక్క మాడిపోతుంది. ఇక్కడ ఆపి అడగడం, సరిచేయడం తోటివాడికి చేసే సాయం. ఆ సాయం చేసేవాడు ‘పోయన్డి’ అన్న రాతను పట్టించుకోడు, కొలత నిజమేనా అని మాత్రమే చూస్తాడు. సర్వే పటానికి ఊరిపేరు ఎందుకు ఒకే తీరున ఉండాలో, వేపనూనె కొలతకు అక్షరం ఎందుకు సరిగా ఉండాలో కారణం ఒకటే: రాత మారితే పని చెడుతుంది. ‘అధ్బుతం’ రాసినందుకు ఏ పని చెడింది?

పిల్లలు ఇవే చదివి ఇవే నేర్చుకుంటారన్న భయం ఒకటి మిగులుతుంది. ఈ భయంలో కొంత నిజం ఉంది, తెలుగు మాధ్యమం బడులు తగ్గుతున్న ఊళ్లలో ఈ ఫోను రాతలే కొందరు పిల్లలకు దొరికే తెలుగు పాఠం. అయితే ఆ పిల్లవాడు అక్కడ నేర్చుకునే పాఠం ఒత్తులకు సంబంధించినది మాత్రమేనా? తెలుగులో ఒక వాక్యం రాస్తే పదిమంది మీద పడతారని చూసిన పిల్లవాడు మరుసటిసారి ఇంగ్లీషు అక్షరాల్లోకో, మొత్తంగా ఇంగ్లీషులోకో జారుకుంటాడు. గ్రాంథికం పట్టు పట్టిన రోజుల్లో పిల్లలు తెలుగు వ్యాసం అంటే భయపడి దాన్ని బట్టీ పట్టారని గిడుగు, గురజాడ వాదించారు. ఇప్పుడు బట్టీ పట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు, వేరే భాష చేతిలోనే ఉంది. బడిలో తెలుగు పంతులు ఎర్ర సిరాతో దిద్దాలి, అది ఆయన ఉద్యోగం, పిల్లవాడు దిద్దించుకోవడానికే అక్కడికి వెళ్తాడు. మ్యాచ్ గురించి మాట్లాడటానికి వచ్చినవాడు దానికోసం రాలేదు.

దిద్దే అధికారం ఇప్పుడు మళ్లీ చేతులు మారుతోంది. ఫోనులోని కీబోర్డు మనం సగం కొట్టగానే మిగతా సగం తానే చూపిస్తుంది. ‘అద్భు’ దాకా వెళ్లకముందే సరైన ఒత్తుతో మాట సిద్ధంగా ఉంటుంది, కాబట్టి ఆ తప్పు ఇంకో పదేళ్లలో అరుదైపోవచ్చు. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది ఎక్కువగా అచ్చులో, వెబ్‌లో ఉన్న తెలుగు నుంచి. అందులో ‘చేశాడు’ కోట్ల సార్లు ఉంటే ‘చేసిండు’ ఎన్నిసార్లు ఉంటుంది? రామంతపూర్, రామంతాపూర్‌లలో ఏది ముందు చూపించాలో అది ఏ లెక్క మీద తేల్చుకుంటుంది? రైల్వేవాళ్లు 2025 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచి చర్లపల్లి అన్న రాతకు పెద్ద పీట వేశారు. కొన్నాళ్లకు చెర్లపల్లి అని కొట్టినవాడికి కీబోర్డు దాన్ని మార్చి చూపిస్తుంది. మద్రాసులో 1913 నాటి తగవులో కనీసం రెండు పక్షాలు ఉండేవి, రెండూ పుస్తకాలు అచ్చువేసి తమ కారణాలు చెప్పుకున్నాయి. ఈ కొత్త పండితుడిని కారణం అడగడానికి ఇంకా ఎవరూ బయల్దేరలేదు.